నిలబడే సంచి

అచ్చంపేట
9-8-1959

బావకు,

యాదగిరి నమస్కారాలు. ఒంట్లో బాగానే ఉంది. ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించు. కానీ పులి అన్న మాట వచ్చినచోట మింగెయ్.

నేను సర్వే పార్టీలో నేల కొలిచే గొలుసు లాగే పనిలో చేరి ఏడు నెలలైంది. ఇన్నాళ్లూ ఊళ్ల చుట్టూ కొలిచాం. వానలు వెనకబట్టగానే మన్ననూరు దాటి నల్లమల గుట్టల మీదికి పోతున్నాం. కొత్త బాటకు కొలతలు తీయాలి. పన్నెండు మందిమి, రెండు నెలలు. అక్కడ పులి ఉంది, ఎలుగుబంటి ఉంది, బండి బాట మాత్రం లేదు. ఎవరి సామాను వారే మోసుకోవాలి.

పట్నం నుంచి రావలసిన కాన్వాసు సంచులు ఈ ఏడు రావని కబురొచ్చింది. మా ఇంజనీరు సాబు తల పట్టుకున్నాడు. నేను ఊరుకోలేక, "మా బావ పద్మశాలి సాబ్, పానగల్లుల మగ్గమున్నది, ఆయన నేస్తడు" అన్నాను. "కాన్వాసు నేస్తడా?" అన్నాడు. "నేస్తడు" అన్నాను. నువ్వు ఎన్నడూ నేయలేదని నాకు తెలుసు.

ముందు ఒక్క సంచి నమూనాగా పంపు. నచ్చితే పన్నెండు. అవి అడవిలో తట్టుకుంటే, ఏటేటా గుట్టలెక్కే పార్టీలన్నిటికీ నీ దగ్గరే నేయిస్తానన్నాడు. మగ్గానికి తాళం వేసి సోలాపూరు మిల్లుకు పోతానన్నావు గదా, ఆ మాట కొంచెం ఆపు.

సంచి వీపు మీద ఉండాలి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. పదిహేను సేర్ల బరువు ఆపాలి. రెండు పట్టీలు. అంతే, పెద్ద పనేం కాదు.

నీ బామ్మర్ది
యాదగిరి


పానగల్లు
18-8-1959

యాదగిరికి ఐలేశం రాసేది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అయిందనుకున్నాను. మూడోసారి మళ్లీ కాలేదు.

మనిషి బరువు మోస్తే నెత్తిన మోస్తాడు, భుజాన మోస్తాడు, కావడి కట్టుకుంటాడు. వీపున మోసేవి ఎద్దు, గాడిద. చదువుకున్న మీ సాబుకు వీపు మీద సంచి ఎందుకు? రెండు చేతులూ ఖాళీగా ఉంచుకొని ఏం చేస్తారు? మీ అక్కను అడిగితే "చెట్లెక్కుతరేమో" అన్నది. నాకు అంతకంటే మంచి జవాబు దొరకలేదు.

పట్టీలు రెండన్నావు. ఎక్కడ మొదలై ఎక్కడ తెగాలి? పొడుగెంత? మూర ఎవరిది, నాదా నీదా? మీ సాబు పొడుగా పొట్టా? మూతి పైనా పక్కనా? ఇవేమీ రాయకుండా "పెద్ద పనేం కాదు" అని రాశావు. నువ్వు మగ్గం వదిలి పోయినందుకు మీ నాయిన ఎందుకంత ఏడ్చాడో తెలియదు. నేనైతే నవ్వేవాణ్ణి.

ఆ మాట వచ్చినచోట మింగాను. మీ అక్క ఊరుకుంటుందా? "ఎందుకు ఆగినవ్? ఆడ ఏం రాసిండు?" అన్నది. దగ్గు వచ్చిందన్నాను. మూడు రోజులుగా మిరియాల కషాయం తాగుతున్నాను.

ఎల్లేశం మేస్త్రీ సోలాపూరు నుంచి వచ్చి పోయాడు. మిల్లులో ఇద్దరికి జాగా ఉందట. దీపావళి దాటాక మళ్లీ వస్తాడు. అప్పటికి వస్తానో రానో ఒక్క మాట చెప్పాలి. ఇక్కడ మగ్గం మీద పడుగు లేక మూడు నెలలైంది. మగ్గం కింది గుంటలో పిల్లి పిల్లల్ని పెట్టింది. వెళ్లగొట్టలేదు. వెళ్లగొట్టి నేను కూర్చొని చేసే పనేముంది?

అందుకని నీ సంచి పని చేస్తాను. కానీ ముందు అదేమిటో చెప్పు.

ఐలేశం


అచ్చంపేట
29-8-1959

బావా,

బొమ్మ గీసి పంపుతున్నాను. వెనక నుంచి చూసిన మనిషి అది. తల చిన్నగా వచ్చింది, దాన్ని పట్టించుకోకు. వీపున ఉన్నది సంచి. ఒక్కో భుజం మీదుగా ఒక్కో పట్టీ వచ్చి చంక కింది నుంచి మళ్లీ సంచికే పోతుంది. చేతులు ఖాళీగా ఎందుకంటే గొలుసు పట్టుకోవాలి, కట్టె పట్టుకోవాలి, గుట్టెక్కేటప్పుడు కొమ్మ పట్టుకోవాలి. అక్క చెప్పింది అంత తప్పేం కాదు.

సాబు దగ్గర పాత ఫౌజు సంచి ఒకటి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి చూపించాడు. ఖాళీగా ఉన్నా కూర్చున్న మనిషిలాగ నిటారుగా నిలబడింది. "గిట్ల నిలబడాలె. కూలబడే సంచి నాకొద్దు" అన్నాడు. ఇది బాగా గుర్తు పెట్టుకో. ఆయన పదే పదే చెప్పేది ఇదొక్కటే.

మిగతా సామాను ఎంచే పని కూడా నా నెత్తినే పడింది. నిన్న మాదిగ హనుమయ్య కుట్టిన కిర్రు చెప్పులు చూపించాను. సాబు వాటితో నాలుగడుగులు వేసి, "ఈ సప్పుడుకు అడివంత లేస్తది" అని విప్పేశాడు. గొంగడి చూపిస్తే బరువన్నాడు. రబ్బరు కోటు తెప్పిస్తానన్నాడు. తాడు కలబంద నారదా, కొబ్బరి నారదా? లాంతరు ఎంతమందికి ఒకటి? నీకేమైనా తోస్తే రాయి. ఇక్కడ అందరూ నాకే తెలుసనుకుంటున్నారు. నేనేమో నాకు తెలుసన్నట్టే తిరుగుతున్నాను.

యాదగిరి


పానగల్లు
11-9-1959

ఓ సామాను పెద్దా,

సంచి ఇవాళ అచ్చంపేట లారీ మీద పంపాను. అందగానే రాయి.

నీ బొమ్మను నేనూ మీ అక్కా రెండు రోజులు చూశాం. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకొని, నీళ్ల తిత్తి మోసే మనిషి అన్నది. మొదట పట్టీ ఒకటి సంచి ముందు వైపు, ఇంకొకటి వెనక వైపు కుట్టాను. తొడుక్కొని చూస్తే సంచి వచ్చి డొక్కలో ఆగింది. రెండు చేతులూ ఇరుక్కున్నాయి. కిందికీ రావు, పైకీ పోవు. "పోలీసోళ్లు పట్టుకపోయేటోని లెక్కున్నవ్" అని నవ్వింది తప్ప విప్పలేదు. కుట్టు కోసి బయటపడ్డాను. ఆ తర్వాత ఆమే చీపురుపుల్లతో నా వీపు కొలిచి రెండు పట్టీలూ ఒకే వైపు కుట్టించింది. లోపల రోలు బండ పెట్టుకొని పచ్చల సోమేశ్వరాలయం దాకా నడిచి వచ్చాను. ఊరంతా చూసింది. సోలాపూరు పోతున్నావా అని ముగ్గురు అడిగారు.

నిలబడాలన్నావు. నిలబడింది. ఉత్త నూలు బట్ట ఎట్లా నిలబడిందని అడగకు, అది చేతిపని మర్మం. మూడు రోజులు ఆ పని మీదే కూర్చున్నాను. ఇంట్లో జొన్నలు నిండుకున్నాయి, అంబలి కూడా లేదని మీ అక్క సణుగుతోంది. సణగనీ.

గొంగడి బరువని మీ సాబు అన్నాడు గదా. పన్నెండు గొంగళ్లు ఎట్లాగైనా పెట్టుకో. తలమీద మడతవేసి కప్పుకుంటే వాన చుక్క లోపలికి రాదు, పరుచుకుంటే పక్క అవుతుంది. కొబ్బరి తాడు వద్దు, తడిస్తే ముడి విడిపోదు. చెప్పుల సంగతి నాకు తెలియదు. గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేవాణ్ణి, నడిచేవాళ్ల కాళ్ల గురించి నన్నడిగితే ఎట్లా?

ఐలేశం


అచ్చంపేట
23-9-1959

బావా,

సాబుకు సంచి నచ్చింది. బల్ల మీద పెడితే ఫౌజు సంచి పక్కన తమ్ముడిలాగ నిలబడింది. వేలి గెణుపుతో కొట్టి చూశాడు. చెక్క మోగినట్టు మోగింది. "నీ బావ ఉస్తాద్" అన్నాడు. ఇంకా పదకొండు సంచులు, తాడు మీద వేసి గుడారంలా వాడుకునే బట్టలు రెండు కావాలి. అన్నీ ఇట్లాగే నిలబడాలి. దసరా దాటగానే బయలుదేరుతాం.

ఇంకో సంగతి. రేపటి లారీలో నీకు రెండు బస్తాల జొన్నలు వస్తాయి. ఎందుకని అడగకు, నేనూ చెప్పను. అక్క నోరు తెరిచి అడగకపోయినా నువ్వు రాసిన ఒక్క మాటతో నాకు అర్థమైంది. ఇంట్లోవాళ్ల దగ్గర దాపరికం అక్కరలేదు.

నూలు మంచిదే వాడు. ఏదైనా తక్కువైతే రాయి.

యాదగిరి


పానగల్లు
9-10-1959

యాదగిరికి,

పదకొండు సంచులూ రెండు గుడారం బట్టలూ నిన్న పోయాయి. చేతులు వాచిపోయాయి. రెండు వారాలుగా పగలంతా గుంటలోనే ఉన్నాను. పిల్లి పిల్లల్ని నోట కరచుకొని అటక మీదికి పోయింది.

జొన్నలు అందాయి. రెండు బస్తాలు ఎందుకా అని మొదట తికమకపడ్డాను. తర్వాత నీ తెలివికి మెచ్చుకున్నాను. మగ్గం వదిలినా పని మరిచిపోలేదు. ఒక్క గింజ వృథా చేయలేదు, అన్నీ పనికే పోయాయి. మీ అక్క రొట్టెలకు సోలెడు తీస్తానంటే కూడా తీయనీయలేదు.

సంచులు వరసగా గోడ వెంట పెడితే పెళ్లికి వచ్చినవాళ్లు కూర్చున్నట్టు కూర్చున్నాయి. వాకిట్లోకి చూడ్డానికి జనం వచ్చారు. ఎల్లేశం మేస్త్రీ మనిషి కూడా వచ్చి చూశాడు. "మేస్త్రీకి ఏం చెప్పమంటవ్?" అన్నాడు. "దీపావళి దాటనియ్" అన్నాను. లోపల మాత్రం పోయేది లేదనే అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. మీ సాబు నోట విన్నాక అంటాను.

ఐలేశం


ఫరహాబాదు పైన, గుడారాల నుంచి
25-10-1959

బావకు,

ఈ ఉత్తరం వారానికోసారి మన్ననూరు పోయే చెంచు పెద్దాయన చేతికి ఇస్తున్నాను. ఎప్పుడు అందుతుందో తెలియదు. ఎట్లా రాయాలో కూడా తెలియదు.

మొన్న వాన పట్టుకుంది. రెండు రోజులు వదలలేదు. మొదటిరోజు సంచులు మెత్తబడ్డాయి. రెండో రోజు వాటి నుంచి, గుడారం బట్టల నుంచి తెల్లనీళ్లు కారాయి. అవి సాబు నక్షాల మీద పడ్డాయి. కాగితాలన్నీ ఒకదానికొకటి అతుక్కొని దిమ్మలా తయారయ్యాయి. పది రోజుల కొలతలు అందులో ఉన్నాయి. గుడారం లోపలా వానే, బయటా వానే. గొంగళ్లు లేకపోతే ఏమయ్యేవాళ్లమో.

మూడో రోజు ఎండ వచ్చింది. ఎండతోపాటు పుల్లని వాసన లేచింది. తర్వాత చీమలు. మేము గొలుసు పట్టుకొని పోయి మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి ఎలుగుబంటి రెండు సంచులు చింపి నాకి పోయింది. చెంచు పెద్దాయన ఒకటి ఎత్తి వాసన చూసి, "గిది సంచా, అంబలి కుండనా?" అన్నాడు. అందరూ నవ్వారు. సాబు నవ్వలేదు.

నన్ను పిలిచి ఒక సంచి బట్టను వెలుగుకు ఎత్తి పట్టాడు. అందులోంచి అవతల ఉన్న చెట్టు కనిపించింది. "నీ బావ నూలు అమ్మిండా, గంజి అమ్మిండా?" అన్నాడు.

సన్నం నూలుకు గంజి దట్టించి బరువు చూపించే నేతగాళ్లున్నారు. నువ్వు వాళ్లలో ఒకడివని నేను అనడం లేదు. కానీ ఇల్లు గడవనప్పుడు మనిషి చేయి వంకర పోవచ్చు. అందుకే గదా జొన్నలు పంపాను. చాలకపోతే ఇంకా అడగవలసింది.

యాదగిరి


పానగల్లు
27-10-1959

యాదగిరికి,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. అడవిలో ఉన్నావు కాబట్టి ఆలస్యమనుకుంటున్నాను.

ఇక్కడ రెండు రోజులు వాన. మీకూ పడిందా? చూరు కింద కూర్చొని, నా సంచులు మీ వీపుల మీద నిటారుగా ఉండి ఉంటాయి, లోపల మీ అన్నం మూటలు పొడిగా ఉంటాయి అనుకున్నాను. ఎవరో వింటే నవ్వుతారు గానీ ఆ రోజు కడుపునిండా తిన్నాను.

ఇంకొక సంచి ఎక్కువే చేసి ఇంట్లో పెట్టాను. మీ సాబు ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి. పొగిడితే తగ్గించి రాయకు.

ఐలేశం


పానగల్లు
5-11-1959

యాదగిరీ,

నీ 25వ తేదీ ఉత్తరం ఇవాళ చేరింది. మీ అక్కకు చదవలేదు. దూలం సందున పెట్టాను.

బట్ట నీళ్లలో వేస్తే గంజి పోకుండా ఎక్కడికి పోతుంది? కొత్త కోరబట్టను ఒక్కసారైనా ఉతక్కుండా వానలోకి తీసుకుపోయినవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను. మన ఇళ్లలో బట్ట గంజితోనే గడప దాటుతుంది. మనం తడిపి ఇస్తే పాతబట్ట అంటారు, మగ్గానికి మంచిది కాదంటారు. మొదటి తడుపు కొన్నవాళ్లది. నువ్వు పద్మశాలి ఇంట పుట్టావు, నీకు తెలియదా? నిలబడాలి నిలబడాలి అని రెండు ఉత్తరాలు రాశావు. నూలు తనంతట తాను నిలబడుతుందా? నిలబెట్టాను. తడుస్తాయని ఒక్క ముక్క రాయలేదు.

జొన్నలు తిండికి పంపావా! మా ఇంట్లో తిండి లేదని నీకెవరు చెప్పారు? అప్పుడు జొన్నలు నిండుకున్నది మొదటి సంచి గంజికే. గంజికే పంపావనుకొని రెండు బస్తాలూ ఉడకబెట్టాను. నాలుగుసార్లు పట్టించాను. ఇప్పుడు చెబుతున్నావు.

అదంతా పోనీ. చేయి వంకర పోయిందన్నావు. అది మాత్రం ఉత్తరంలో తేలేది కాదు. శనివారం బస్సుకు బయలుదేరుతున్నాను. మిగిలిన నూలులో కొంత, ఇంట్లో ఉన్న పదమూడో సంచి తెస్తున్నాను. మీ సాబు ముందే చూసుకుందాం.

ఐలేశం


పానగల్లు
10-11-1959

బావకు,

నేను నీ ఇంట్లో ఉన్నాను. నువ్వు నా గుడారంలో ఉంటావు.

సాబు నన్ను గురువారం పంపించాడు, నీ నోటితో జవాబు తెమ్మని. శనివారం దేవరకొండలో బస్సు మారాను. నువ్వూ అదే పూట అక్కడ దిగి ఉంటావు. ఇద్దరం ఒకే అంగట్లో చాయ్ తాగి ఉంటాం. గడపలో అడుగు పెట్టగానే అక్క, "ఆయన ఆడికి పాయె, నువ్వు ఈడికొస్తివి. మీ ఇద్దరి నడుమ నేనేమన్న తపాల డబ్బనా?" అన్నది.

అన్నం పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక, "నూలు అమ్మిండా గంజి అమ్మిండా అని రాసినవటగా" అన్నది. దూలం సందున ఉన్న నా ఉత్తరం పక్కింటి జానమ్మ మొగుడితో చదివించుకున్నదట. నేను చేయి ఆపాను. "ఆపకు, తిను. తమ్మునివి గాబట్టి పెడుతున్న" అన్నది. ఆగస్టు ఉత్తరం కూడా చదివించుకున్నది. పులి సంగతి తెలిసిపోయింది. దానికి వేరే తిట్లు పడ్డాయి.

ఖాళీ బస్తాలు చూపించింది. "జొన్నలొచ్చినయని సంబురపడితి. ఒక్క రొట్టె చేయనియ్యలే. అన్నీ కుండల వోసి కలియబెట్టుడే" అన్నది. అప్పుడు తెలిసింది నాకు, నా జొన్నలే మా నెత్తిన తెల్లగా కారాయని. నేను తిండికని పంపడం, నువ్వు గంజికని తీసుకోవడం! ఎవరిని ఏమనాలి?

అటక మీద మిగిలిన నూలు చూశాను. రెండు పోగులు పేనిన లావు నూలు. వేలికి చుట్టి గుంజితే వేలు తెగింది గానీ పోగు తెగలేదు. ఇంత మంచి నూలు నేస్తే అందులోంచి చెట్టు ఎట్లా కనిపించింది? అది మాత్రం ఎంత ఆలోచించినా అంతుచిక్కలేదు. కానీ సన్నం నూలన్నది అబద్ధం. నేను రాసింది తప్పు.

ఎల్లేశం మేస్త్రీ నల్గొండలో దిగాడట. శుక్రవారం 20వ తేదీన జవాబుకు వస్తాడట. ఏం చెప్పాలో త్వరగా రాయి.

యాదగిరి


ఫరహాబాదు పైన
14-11-1959

యాదగిరికి,

నువ్వు ఇక్కడ లేవని తెలిసేసరికి నేను మన్ననూరు దాటి రెండు రోజులు నడిచాను. నిన్ను మా ఇంటికే పంపానని సాబు అన్నాడు. అందుకే అక్కడికి రాస్తున్నాను. నువ్వు అక్కడ లేకపోతే ఈ ఉత్తరం మీ అక్క ఎవరితోనైనా చదివించుకోవాలి.

పదమూడో సంచి వీపున వేసుకొని చెంచు పెద్దాయన వెంట నడిచాను. మొదటి పూట బాగానే ఉంది. సన్నం పట్టీలు భుజాల్లో దిగాయి. నాలుగు వేళ్ల వెడల్పు ఉండాలని అప్పుడు తెలిసింది. మూతి మీద మూత లేదు, కంపలో నుంచి పోతుంటే ఆకులన్నీ లోపల పడ్డాయి. రెండో రోజు గడియసేపు జల్లు కురిసింది. నా గంజి నా వీపున కారి ధోతి తొడలకు అతుక్కుంది. పెద్దాయన వెనక్కి తిరిగి చూసి మళ్లీ ముందుకు నడిచాడు. నవ్వాడనుకుంటాను.

ఒక బండ మీద కూర్చొని సంచి విప్పి వెలుగుకు పట్టాను. చెట్టు నాకూ కనిపించింది.

నూలు మంచిదే. అందులో మోసం లేదు. కానీ అడ్డం పోయే పేకను కొట్టాల్సినంత దగ్గరగా కొట్టలేదు. నాలుగు పోగులు పడాల్సినచోట మూడు పడ్డాయి. గంజి ఎట్లాగూ సందులు పూడుస్తుందని చేయి ముందే ఆగింది. ఇరవై ఏళ్లు అంగడి చీరలు నేసిన చేయి అది, దాని అలవాటు దానిది. తెలిసి చేశానని చెప్పలేను. తెలియదనీ చెప్పలేను. నిన్ను నాలుగు మాటలనడానికి ఇంత దూరం వచ్చి, వచ్చాక అనడానికి ఏమీ లేకుండా పోయింది.

ఇదే మాట సాబుకు చెప్పాను. నక్షాలు మళ్లీ గీసుకుంటున్నాడు, తల ఎత్తలేదు. "ఇంత దూరం నడిచొచ్చి తప్పు నాదేనంటవా?" అన్నాడు. "బట్ట నాది సాబ్" అన్నాను. గీస్తున్న గీత పూర్తి చేశాడు. తర్వాత, "రెండు సంచులు మల్ల నేసి పంపు. నెల లోపల రావాలె. వాగు ధార కింద పెట్టి చూస్త. తట్టుకుంటే ముందు చెప్పిన మాట ఉంటది. లేకుంటే లేదు" అన్నాడు. గుడారం బట్టలు మాత్రం నా దగ్గర వద్దన్నాడు.

నేను రాలేను. కాలు వాచి అడుగు పడటం లేదు. చిరిగిన సంచులు కూర్చొని కుడుతున్నాను. అందుకని నువ్వే నేయాలి. మరిచిపోయానని చెప్పకు. మగ్గం కాళ్లకు గుర్తుంటుంది.

పడుగుకు గంజి తప్పదు, లేకపోతే పోగు తెగుతుంది. ఒక్కసారే పట్టించు, పలచగా. నేసిన బట్టకు చుక్క కూడా వద్దు. పేక దగ్గరగా కొట్టు. దగ్గరయింది అనుకున్నాక ఇంకోసారి కొట్టు. నిలబడే సంచి వద్దు. ఖాళీ సంచి నిలబడి ఎవరికి లాభం? కూలబడితే మడిచి తల కింద పెట్టుకోవచ్చు. సాబు కూడా ఇప్పుడు ఆ మాట ఎత్తడం లేదు. నేసినాక గంజి పోయేదాకా ఉతుకు. తడిపిన బట్టే పంపాలి. మీ అక్క వద్దంటుంది. నేను చెప్పానని చెప్పు. కృష్ణ ఒడ్డున చేపలవాళ్లు వలలు నీళ్లకు కుళ్లకుండా తుమ్మచెక్క ఉడికిన నీళ్లలో ముంచుతారట, పెద్దాయన చెప్పాడు. అది కూడా చెయ్.

ఎల్లేశం మేస్త్రీ వస్తే నెల రోజులు ఆగమను. ఆగనంటే వస్తానని చెప్పు. ఇప్పుడు నా చేతి మీద నాకు అంత నమ్మకం లేదు.

ఐలేశం


పానగల్లు
29-11-1959

బావకు,

మేస్త్రీ శుక్రవారం వచ్చాడు. నీ ఉత్తరం శనివారం వచ్చింది.

వాకిట్లో మంచం వేశాను. "ఐలేశం ఏడి? మిల్లుల జాగా ఊకె ఉంటదా? వస్తడా రాడా?" అన్నాడు. ఇంట్లో లేడన్నాను. "మరి నువ్వే చెప్పు, ఇంటి మనిషివే గదా." అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. నీ మనసులో ఏముందో నాకేం తెలుసు? అటక మీది నూలు ఒక్కటే నేను చూసింది. "రాడు" అన్నాను. "ఆయన చెప్పిండా?" అన్నాడు. "నేను చెప్తున్న" అన్నాను. "రేపు సాయంత్రం దాక నల్గొండల ఉంట, సోంచాయించుకోండ్రి" అని పోయాడు.

తెల్లారి నీ ఉత్తరం చదివాను. ఆగమనాలట, ఆగకపోతే వస్తానని చెప్పాలట. నేను రెండూ చెప్పలేదు. పేక సంగతి చదివాక నేనన్నది తప్పేమోనని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. నల్గొండ ఎంత దూరం, పోయి మాట మార్చి రావచ్చు. "ఏమంటవక్కా?" అన్నాను. "గుంట ఊడ్చిన, దిగు" అన్నది. దిగాను. సాయంత్రం అట్లాగే అయిపోయింది.

నీ కాళ్లకు గుర్తుంటుందేమో గానీ నా కాళ్లకు లేదు. మొదటి రెండు రోజులు పోగులు తెంపడమే పని. అతుకులు వేయలేక అక్క వేళ్లు పడిపోయాయి. "గొలుసు గుంజేటోన్ని మగ్గం మీద కూసోబెట్టిండు మీ బావ, మంచిగున్నది" అని ఎన్నిసార్లు అన్నదో. మూడో రోజు నుంచి కుదిరింది. దగ్గరయింది అనుకున్నాక ఇంకోసారి కొట్టాను. ఆమె పక్కన కూర్చొని, "ఇంకోటి" అనేది. చేయి లేవకపోయినా అనేది.

నిన్న బట్ట దిగింది. తడపడానికి ఆమె ఒప్పుకోలేదు. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివాను. "ఆయనే అన్నడా?" అంది. "ఆయనే." "ఇంకోసారి చదువు." చదివాను. ఇంట్లోకి పోయి బిందె తెచ్చి తనే పోసింది. జానమ్మ గోడ మీది నుంచి చూసి, "కొత్తబట్ట తడుపుతున్నరేందే హనుమమ్మా!" అని నోరు నొక్కుకుంది. "గిరాకీ తడిపియ్యమన్నడు, తడిపిస్తున్నం" అన్నది అక్క, తల ఎత్తకుండా. నీళ్లు తేట పడేదాకా ఏడు బిందెలు పట్టాయి. ఆ తర్వాత తుమ్మచెక్క నీళ్లలో ముంచాం. ఇప్పుడు ఇటుక రంగులో ఉన్నాయి. వెలుగుకు పట్టి చూశాను, నా చేయి కూడా కనిపించలేదు. అయినా వాగు కింద ఏమవుతాయో చెప్పలేను.

పట్టీలు నాలుగు వేళ్లే పెట్టాం. మూతకు రెండు ముడులు. కుట్టు ఇవాళ అయిపోతుంది. బుధవారం బస్సుకు ఒకటి వీపున, ఒకటి చేత పట్టుకొని బయలుదేరుతున్నాను. నేను వచ్చేదాకా అక్కడే ఉండు బావా. కాలు తగ్గినా సరే, కదలకు.

యాదగిరి